నవాబు మెహదీ నవాజ్ జంగ్

హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని కాన్సరు ఆసుపత్రిని జనులు ఎం.ఎన్.జె. ఆసుపత్రి యని వ్యవహరింతురు. ఆ పొడి అక్షరములు ఒక మహనీయుని పేరని ఎరిగిన విద్యార్థులు మాత్రము అరుదు.

మెహదీ నవాజ్ జంగ్‌గారు 1894లో జన్మించిరి. నిజాము ప్రభుత్వోద్యోగమున క్రమముగా పైకివచ్చి, కార్యనిర్వాహక మండలికి కార్యదర్శులైరి. బండలును పొదలును నిండియున్న బంజారా కొండలపై, అచ్చటి శిలలను తొలగింపక వానినే ఇంటిలో భాగముగ చేసికొని గృహమును నిర్మించుకొనిరి. 1952లో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున చేరిరి. 1960 మే 1వ తేదీన గుజరాత్ రాష్ట్ర మవతరింపగా దానికి ప్రథమ గవర్నరై, 1965 వరకు ఆ పదవి నిర్వహించిరి. 1967లో కీర్తిశేషులైరి.

పదవులు కాలగర్భమున కలిసినవి. 1955లో వారి పూనికతో వెలసిన ఆసుపత్రి నిలిచినది. వారు వైద్యులు కారు, పరిపాలకులు. అయినను బీదవారి వ్యాధికి ఒక నీడ కల్పించిరి.

ఆ నీడ యెంత అవసరమో సిద్దిపేట పల్లెల స్థితిని తలచిన తెలియగలదు. మలాశయమున కాన్సరు పుట్టి రక్తము పడుచున్నను, మొలలని భ్రమించి నెలల తరబడి ఉపేక్షించువారు కలరు. వ్యాధి ముదిరిన పిమ్మట నూరు కిలోమీటర్లు ప్రయాణము చేసి రాజధాని చేరుదురు. అప్పటికి కొందరి విషయమున నయము చేయుట అసాధ్యమగును.

నయము కాదన్నంత మాత్రమున చికిత్స ముగిసినట్లు కాదు. మలమార్గము మూసికొనిపోయినచో శస్త్రచికిత్సచే పొట్టపై వేరొక మార్గము కల్పింతురు. కొలది దినముల కిరణచికిత్సచే రక్తస్రావమును, నొప్పిని తగ్గింతురు. తీవ్రమైన బాధకు మార్ఫిన్ మాత్రలను, నొప్పి వచ్చువరకు వేచియుండక, నియమిత వేళలయందే ఇత్తురు. దీనినే ఉపశమన చికిత్స యందురు. 1985 నాటి మాదకద్రవ్య చట్టపు నిర్బంధములచే మార్ఫిన్ రోగులకు దుర్లభమయ్యెను. 2014లో ఆ చట్టమును సవరించి నిబంధనలను సడలించిరి. జంగ్‌గారి ఆసుపత్రిలో ఈ సేవ 2006 ప్రాంతమున ఆరంభమయ్యెను. తరువాత తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలోను ఉపశమన కేంద్రములను నెలకొల్పెను. అచ్చటి దాదులు మంచము పట్టిన రోగుల ఇండ్లకే పోయి కట్లు కట్టుదురు, మందు లిత్తురు, కుటుంబమునకు ధైర్యము చెప్పుదురు.

ఆయువును పొడిగించుట ఎల్లవేళల మనుష్యుని చేతిలో లేదు. బాధను తగ్గించుట చాలవరకు ఉన్నది. వైద్యుడు కాని ఒక పరిపాలకుడు నాటిన మొక్క, నేడు నయముకాని రోగికి సైతము నీడ నొసగుచున్నది. ఉపాధ్యాయులు బాలురకు చెప్పదగిన చరిత్ర ఇదియే.