బళ్లు మారిన బాల్యం, కుదుటపడిన మనసు

మన విద్యాలయాల్లో చదివే పిల్లలకు టీసీ అనే మాట కొత్త కాదు. నాన్నకో అమ్మకో బదిలీ అవుతుంది. సామాను లారీ ఎక్కుతుంది. కొత్త ఊళ్లో, కొత్త భాష నడుమ మళ్లీ మొదటినుంచి స్నేహాలు మొదలుపెట్టాలి. మీకు పాఠాలు చెప్పే మేమూ అలా తిరుగుతున్నవాళ్లమే. పుస్తకాలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి చదువు ఆగదు. మనసు మాత్రం ఒక్కోసారి పాత ఊళ్లోనే ఉండిపోతుంది. అలాంటి బాల్యం గడిపి, పెద్దయ్యాక మనసు గురించే లోకానికి పాఠం చెప్పిన విలియం జేమ్స్ జీవితాన్ని ఈసారి తెలుసుకుందాం.

విలియం జేమ్స్ 1842 జనవరి 11న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. ఐదుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. రెండవవాడైన హెన్రీ జేమ్స్ తర్వాతి కాలంలో పేరుపొందిన నవలా రచయిత అయ్యారు. తండ్రికి ఉద్యోగం లేదు, బదిలీలూ లేవు. తాతగారి ఆస్తి ఉండేది. అయినా పిల్లలకు ఏ ఊరి చదువూ ఆ తండ్రికి నచ్చేది కాదు. ఒక బడిలో చేర్పించేవారు, కొంతకాలానికే మాన్పించేవారు. 1855 నుంచి 1860 వరకు ఆ కుటుంబం జెనీవా, లండన్, పారిస్, బులోన్, మళ్లీ అమెరికాలోని న్యూపోర్ట్, మళ్లీ జెనీవా, ఆపైన జర్మనీలోని బాన్ నగరం ఇలా తిరుగుతూనే ఉంది. ఆ తిరుగుడు వల్ల విలియంకు ఫ్రెంచి, జర్మన్ భాషలు పట్టుబడ్డాయి. కానీ ఏ ఊళ్లోనూ, ఏ విద్యలోనూ వేళ్లు దిగలేదు.

పద్దెనిమిదేళ్ల వయసులో చిత్రకారుడు కావాలనుకున్నారు. ఏడాది తిరగకుండానే అది మానేశారు. 1861లో హార్వర్డ్‌లో రసాయన శాస్త్రం మొదలుపెట్టి, 1864లో వైద్యానికి మారారు. 1865లో ప్రకృతి శాస్త్రవేత్త అగాసీ బృందంతో బ్రెజిల్ వెళ్లి అక్కడ జబ్బుపడ్డారు. వైద్యవిద్య మధ్యలో ఆపి 1867లో జర్మనీ వెళ్లారు. నడుంనొప్పి, కళ్ల బాధ, నిద్రలేమి ఆయనను వదల్లేదు. 1869లో ఎలాగో డాక్టరు పట్టా అందుకున్నారు గానీ ఒక్కనాడూ వైద్యం చేయలేదు.

పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లోనే మనసు బాగా కుంగిపోయింది. ఈనాటి డాక్టర్లు డిప్రెషన్ అనే స్థితి అది. ఏ పని మీదా ఆసక్తి లేదు. మనిషి చేతిలో ఏమీ లేదు, అంతా ముందే రాసిపెట్టి ఉంది అన్న ఆలోచన ఆయనను తినేసింది. 1870 మార్చిలో ఎంతో ఇష్టమైన మేనత్త కూతురు మిన్నీ టెంపుల్ ఇరవై నాలుగేళ్లకే క్షయతో చనిపోయింది. ఆ దుఃఖంలో ఉండగా రెనూవియే అనే ఫ్రెంచి తత్త్వవేత్త వ్యాసం ఆయన చేతిలో పడింది. ఏప్రిల్ 30న తన డైరీలో ఒక నిర్ణయం రాసుకున్నారు. తన ఆలోచనల్లో దేన్ని పట్టుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ తనకుందని నమ్మాలి, ఆ నమ్మకాన్ని పనుల ద్వారా అలవాటుగా మార్చుకోవాలి అన్నదే ఆ నిర్ణయం.

చాలా పుస్తకాలు ఈ కథను ఇక్కడితో ఆపేస్తాయి. ఒక్క రోజున, ఒక్క నిర్ణయంతో మనిషి బాగుపడ్డాడని మనమూ అనుకుంటాం. నిజానికి ఆ తర్వాత కూడా ఆయన రెండేళ్లకు పైగా తడబడుతూనే ఉన్నారు. 1872లో హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్ ఒకప్పటి తన శిష్యుణ్ణి గుర్తుపెట్టుకొని, శరీరధర్మశాస్త్రం బోధించమని పిలిచారు. రోజూ తరగతికి వెళ్లడం, పాఠం సిద్ధం చేసుకోవడం, ఎదురుగా పిల్లలు. ఈ పని ఆయనకు ఆసరా అయింది. 1878లో ఆలిస్ గిబెన్స్‌తో పెళ్లయింది. ఆమె తోడు మరో బలం. మనసు కుదుటపడడానికి సొంత నిర్ణయం ఎంత అవసరమైందో, పిలిచి పని ఇచ్చిన గురువు, పక్కన నిలిచిన మనుషులు కూడా అంతే అవసరమయ్యారు. తర్వాత కూడా దిగులు అప్పుడప్పుడు వచ్చిపోతూనే ఉండేది. దానితో పాటే ఆయన పనీ సాగింది.

1875లో జేమ్స్ మనస్తత్వ శాస్త్రాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. రెండేళ్లలో పుస్తకం రాసిస్తానని 1878లో ఒక ప్రచురణకర్తకు మాటిచ్చారు. అది పూర్తవడానికి పన్నెండేళ్లు పట్టింది. 1890లో రెండు సంపుటాలుగా, దాదాపు 1,400 పేజీలతో ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ వెలువడింది. అందులో అలవాటు గురించిన అధ్యాయం ఎంతో పేరు పొందింది. మళ్లీ మళ్లీ చేసిన పని మెదడులో దారి వేసుకుంటుందని, కొత్త అలవాటు స్థిరపడేదాకా ఒక్కసారి కూడా తప్పకూడదని ఆయన బోధించారు.

ఈ మాటను తర్వాతివాళ్లు పరీక్షించి చూశారు. లండన్‌లో 96 మందిపై జరిపిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ చేసే ఒక చిన్న పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తెలిసింది. అంటే మన గురువుగారి కంటే మన మెదడు కాస్త దయగలదన్నమాట!

ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పనితో మొదలుపెడితే ఉత్సాహం వెనకే వస్తుందన్న ఆలోచనకు మన దేశంలోనూ ఆధారం దొరికింది. గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మంది పెద్దలతో జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత కొందరు రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. రోజువారీ చిన్న చిన్న పనులు మళ్లీ మొదలుపెట్టేలా వాళ్లు రోగులకు తోడ్పడ్డారు. మూడు నెలలకు చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవారికంటే వీరిలో ఎక్కువమంది కోలుకున్నారు. ఇక్కడా రెండూ ఉన్నాయి గమనించండి. చేయడానికి ఒక చిన్న పని, వినడానికి ఒక మనిషి.

జేమ్స్‌కు మన దేశంతో పరిచయం ఉంది. 1896లో హార్వర్డ్‌లో ప్రసంగించిన స్వామి వివేకానందుణ్ణి ఆయన ఎరుగుదురు. 1902లో వెలువడిన తన మతానుభవాల గ్రంథంలో స్వామిని ప్రస్తావించారు కూడా. అదే గ్రంథంలో ఒక ఫ్రెంచివాడి అనుభవంగా, ఉన్నట్టుండి మనసును కమ్మేసిన భయంకరమైన బెదురును వర్ణించారు. ఆ ఫ్రెంచివాడు మరెవరో కాదు, తానేనని తర్వాత తన అనువాదకుడికి తెలియజేశారు. మనసు గురించి అంత రాసిన పెద్దమనిషికి కూడా తన బాధను తన పేరుతో చెప్పుకోవడం కష్టమైంది.

కానీ ధైర్యంగా చెప్పినవాడు ఎదురైనప్పుడు జేమ్స్ పక్కకు తప్పుకోలేదు. క్లిఫర్డ్ బీర్స్ అనే యువకుడు మానసిక వైద్యశాలల్లో తాను పడిన యాతనలను సొంత పేరుతో పుస్తకంగా రాశాడు. జేమ్స్ ఆ రాతప్రతి చదివి మెచ్చుకున్నారు. 1908లో అచ్చయినప్పుడు పుస్తకం ముందు ఆయన లేఖను చేర్చారు. మరుసటి ఏడాది బీర్స్ మానసిక ఆరోగ్యం కోసం జాతీయ సంఘాన్ని స్థాపించినప్పుడూ జేమ్స్ అండగా నిలిచారు. 1910 ఆగస్టు 26న, 68వ ఏట న్యూహాంప్‌షైర్‌లోని తమ వేసవి ఇంట్లో ఆయన కన్నుమూశారు.

పిల్లలూ, కొత్త బడిలో మొదటి వారం బెంగగా ఉంటే అది మీ లోపం కాదు. రోజుకో చిన్న పని పెట్టుకోండి. పక్క బెంచీ అబ్బాయి పేరు అడగండి, ఆటల పీరియడ్‌లో ఒక్క ఆట ఆడండి, పాత ఊరి స్నేహితుడికి ఫోన్ చేయండి. ఒక రోజు తప్పితే మరునాడు మళ్లీ మొదలుపెట్టండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రా తిండీ సరిగా లేకపోతే, బతుకు మీదే విసుగు పుడితే మాత్రం ఒక్క రోజు కూడా దాచకండి. అమ్మానాన్నలకో, క్లాస్ టీచర్‌కో వెంటనే చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు, కాబట్టి మీ నాన్నగారికి ఏ రాష్ట్రంలో పోస్టింగ్ వచ్చినా ఆ నంబరు పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకోండి.