గిజుభాయి బధేకా

బాలల విద్యకు జీవితాన్ని అంకితం చేసిన గిజుభాయి బధేకా 1885లో గుజరాత్‌లోని చితల్‌లో జన్మించారు. వృత్తిరీత్యా న్యాయవాది. 1913లో కుమారుడు జన్మించాక, వాని చదువును గూర్చి ఆలోచిస్తూ మాంటిస్సోరి రచనలు చదివారు. న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరాన్ని ప్రారంభించారు.

అక్కడ బెత్తానికి, భయానికి తావు లేదు. అయితే బడిలో లభించిన స్వేచ్ఛ ఇంట్లో కరవైతే పసిమనసు నలిగిపోతుందని ఆయన గ్రహించారు. అందుకే తల్లిదండ్రులకూ గురువయ్యారు. పిల్లలను కొట్టరాదనీ, ఆశ చూపి లొంగదీయరాదనీ బోధిస్తూ వారికోసం పుస్తకాలు రచించారు. ఉపాధ్యాయులకోసం రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వెలువడింది.

'మీసాల అమ్మ'గా ప్రసిద్ధికెక్కిన గిజుభాయి 1939లో కన్నుమూశారు. ఇల్లూ బడీ చేయి కలిపినప్పుడే చదువు ఫలిస్తుందని ఆయన జీవితం చాటుతోంది.