అజంతా గోడలను కాపాడిన మర్హూం గులాం యజ్దానీ సాహెబ్

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత ఇళ్లలో నిర్మల్ బొమ్మలు గోడకు వేలాడుతుండటం చాలామంది చూసే ఉంటారు. నల్లటి చెక్క పలక, దానిమీద బంగారు వన్నె, వార్నిష్ మెరుపు. వాటిలో ఒక బొమ్మ మళ్లీ మళ్లీ కనబడుతుంది. చేత తామరపువ్వు పట్టుకొని, తల కాస్త ఓరగా వంచి, కళ్లు కిందికి దించుకొని నిలబడ్డ రూపం. అది పుట్టింది నిర్మల్‌లో కాదు. అజంతా ఒకటవ గుహలోని బోధిసత్వ పద్మపాణి అది. 1956 వరకు అజంతా ఉన్న ఔరంగాబాద్ జిల్లా, మన రెండు జిల్లాలు ఒకే హైదరాబాద్ సంస్థానం కింద, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రం కింద ఉండేవన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెబితేగాని తెలియదు. ఆ గుహల గోడలు మన కాలందాకా నిలిచినయంటే అందుకు ముఖ్యంగా పాటుపడిన వారిలో జనాబ్ గులాం యజ్దానీ సాహెబ్ ఒకరు. ఈసారి సావనీరులో వారి జీవితం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

యజ్దానీ సాహెబ్ 1885లో ఢిల్లీలో జన్మించారు. చదివినవి అరబ్బీ, ఫార్సీలు. కొంతకాలం కాలేజీలో పాఠాలు చెప్పారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను కొత్తగా నెలకొల్పినప్పుడు దాని మొదటి డైరెక్టరుగా హైదరాబాదు వచ్చారు. అప్పటికి వయసు ముప్పై కూడా నిండలేదు. వెనుకనుండి నడిపించినవారు అక్బర్ హైదరీ సాహెబ్. శాఖ అనేది పేరుకు ఉందిగాని, దానికి దారి వేయవలసింది ఈ యువకుడే.

అప్పటి అజంతా పరిస్థితి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలె. 1819లో ఒక ఇంగ్లీషు సైనికాధికారి కంట ఆ గుహలు పడ్డాయి. తర్వాత రాబర్ట్ గిల్ అనే దొర ఏళ్లకేళ్లు అక్కడే ఉండి తీసిన నకళ్లు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1866లో చాలామటుకు కాలిపోయాయి. బొంబాయి జె.జె. స్కూలు విద్యార్థులతో గ్రిఫిత్స్ దొర తీయించిన నకళ్లలోనూ అనేకం 1885లో లండన్‌లోనే మంటలపాలయ్యాయి. నకలు తీసేటప్పుడు బొమ్మ స్పష్టంగా కనబడాలని గోడమీద పూసిన వార్నిష్ మాత్రం గోడమీదే ఉండిపోయింది. దానికి పొగ, దుమ్ము, గబ్బిలాల మురికి తోడయ్యాయి. గార పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్నది. నకలు కాలితే మళ్లీ తీయవచ్చు, గోడ రాలితే ఏం చేయగలం?

ఇక్కడ గోడ తయారీ గురించి ఒక మాట. అజంతా చిత్రాలను ఫ్రెస్కోలు అనడం అలవాటైంది. యజ్దానీ సాహెబ్ పుస్తకాల పేరులోనూ ఆ మాటే ఉంది. నిజానికి ఫ్రెస్కో అంటే సున్నం తడిగా ఉండగానే రంగు వేయాలి. అజంతాలో అట్లా కాదు. మట్టిలో గడ్డి, వడ్లపొట్టు, నార కలిపి రాతిగోడకు మెత్తి, దానిమీద పలచగా సున్నం పూసి, ఆరినాక జిగురు కలిపిన రంగులతో చిత్రించారు. ఎర్రమట్టి, పచ్చమట్టి, దీపపు మసి, సున్నం, ఒక ఆకుపచ్చ రాయి. నీలం ఒక్కటే దూరదేశపు లాజవర్ద్ రాయి నుండి వచ్చింది. మన ఊళ్లలో మట్టిగోడ కట్టినవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. తేమ తగిలితే అది రాయిని వదిలేస్తుంది.

ఇటువంటి గోడలను బాగుచేయడానికి ఇటలీ నుండి ప్రొఫెసర్ చెక్కోనీని, ఆయన వెంట కౌంట్ ఓర్సినీని పిలిపించారు. 1920–22 మధ్య రెండు చలికాలాలు వారు పనిచేశారు. ఊడుతున్న గారను తిరిగి అతికించారు, అంచులు కట్టారు, పాత వార్నిష్, మసి తీశారు. అంతేగాని, పోయిన చోట కొత్త రంగు వేసి బొమ్మను పూర్తి చేయడం పెట్టుకోలేదు. ముక్కు పోయిన చోట మనకు నచ్చిన ముక్కు దిద్దితే అది అజంతా బొమ్మ ఎట్లా అవుతుంది? మా దృష్టిలో ఈ నిగ్రహమే ఆ పనిలో గొప్పది.

అయితే ఒక్క సంగతి దాచవద్దు. రక్షణ కోసమని ఇటలీవారు పూసిన లక్క కాలక్రమేణా పసుపెక్కి, నల్లబడి బొమ్మలను మసకబార్చింది. దీని గురించి నిందలూ వచ్చాయి. గార రాలిపోకుండా ఆగిందన్నదీ నిజమే, రంగు మసకబారిందన్నదీ నిజమే.

నకళ్ల పని కూడా ఆగలేదు. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ అనే మన కళాకారులు గోడల ముందు కూర్చొని గీతకు గీత ఎత్తి రాశారు. సయ్యద్ అహ్మద్ సాహెబ్ అంతకు ముందే హెరింగ్‌హామ్ దొరసాని నకళ్లు తీసినప్పుడు ఆమెకు తోడుగా పనిచేసినవారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో 1930లో ఏర్పడిన మ్యూజియంలో ఈ నకళ్లు అజంతా గ్యాలరీ అయ్యాయి.

యజ్దానీ సాహెబ్ స్వయంగా చేసిన పెద్ద పని అజంతా గ్రంథం. రంగుల్లోను, నలుపు తెలుపుల్లోను ఫోటోల ఆధారంగా అచ్చయిన నాలుగు భాగాలు 1930, 1933, 1946, 1955లలో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా వచ్చాయి. నకలులో నకలు తీసినవాడి చేయి దూరుతుంది, ఫోటోలో అది తక్కువ. అందుకే ఈ పద్ధతి. పుటలు తిప్పుతుంటే అజంతా కళ ఎట్లా నడిచిందో తెలుస్తుంది. మొదట గీత. ఒకే గీత భుజం దగ్గర లావెక్కి వేలికొస దగ్గర సన్నబడుతూ ఒంటి గుండ్రదనాన్ని తెస్తుంది. ఆ తర్వాత ముక్కు మీద, పెదవి మీద కాస్త వెలుగు, పక్కలకు కాస్త ముదురు వన్నె. ముఖ్యమైన మనిషిని పెద్దగా వేసి, చుట్టూ ఉన్నవారి చూపులు అటే తిప్పుతారు. చూడంగనే మన కన్ను కూడా అటే పోతుంది. ఖాళీ స్థలంలో ఆకులు, పూలు, కోతులు. మా అనుమానం ఏమంటే, శిలాశాసనాల మీది అరబ్బీ, ఫార్సీ ఖత్‌ను ఏళ్లతరబడి చదివి ప్రకటించిన కళ్లు గనుకనే యజ్దానీ సాహెబ్‌కు గీత విలువ అంత బాగా తెలిసింది. కలం తిరగడంలో అందం తెలిసినవానికి కుంచె తిరగడం కొత్తగాదు.

మనకు మరీ దగ్గరి సంగతి పాలంపేట. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి మీద యజ్దానీ సాహెబ్ రాసిన పుస్తకం 1922లోనే భారత పురావస్తు శాఖ తరఫున వెలువడింది. నల్లరాతిలో చెక్కిన ఆ నాట్యకత్తెలకు యునెస్కో గుర్తింపు 2021లో దక్కింది, అంటే పుస్తకం వచ్చిన 99 ఏళ్లకు! మాండు మీద 1929లో, బీదర్ మీద 1947లో వారి గ్రంథాలు వచ్చాయి. గుహ గానీ, గుడి గానీ, మసీదు గానీ, కొలత తీసి, శాసనం చదివి, ఉన్నది ఉన్నట్టు రాయడం వారి పద్ధతి.

1943లో ఉద్యోగ విరమణ చేసినా కలం ఆపలేదు. అజంతా చివరి భాగం వచ్చేనాటికి వయసు డెబ్బై. 1959లో పద్మభూషణ్ వచ్చింది. వారి సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర 1960లో వెలువడింది. 1962 నవంబరులో కన్నుమూశారు.

లక్కపూత సంగతి వారితో ముగియలేదు. భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి శ్రమించి, గోడకు దెబ్బ తగలకుండా దాన్ని కొంచెం కొంచెంగా తీస్తూ వచ్చారు. పూత పోయిన చోట్ల, పొగ కింద దాగిన ముఖాలు మళ్లీ బయటపడ్డాయి.