దఫ్తరులకు హద్దులు గీసిన దివాన్ మొదటి సాలార్జంగ్

డోంగ్లి: భూమి కాగితం కావాలంటే ఎక్కడికి పోవాలి, ఇంటి పన్ను ఎవరికి కట్టాలి, దొంగతనం జరిగితే ఎవరికి చెప్పాలి, ఒక అధికారి వినకుంటే ఆ పై అధికారి ఎవరు? ఈ ప్రశ్నలు మన పల్లెల్లో రోజూ వినిపించేవే. పట్నం వాసులు మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కి అడిగేవీ ఇవే. 2022లో డోంగ్లి కొత్త మండలంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్నూరు మండలంలో ఉన్న గ్రామాల వారికి ఇవే ప్రశ్నలు మళ్ళీ ఎదురైనాయి.

సుమారు 170 ఏండ్ల కిందట ఈ ప్రశ్నలకు మన ప్రాంతంలో జవాబే లేదు. సిస్తు వసూలు చేసే మనిషి చేతిలోనే లాఠీ, తీర్పు కూడా ఉండేవి. ఎవరి మీద ఫిర్యాదు ఉన్నదో వారికే ఫిర్యాదు చేసుకోవలసిన రోజులవి. ఆ పద్ధతిని మార్చి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క దఫ్తరు, దానికి జీతం తీసుకొనే ఒక అధికారి ఉండాలని ఏర్పాటు చేసిన వ్యక్తి హైదరాబాదు దివాన్ మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రలో ఆయన మొదటి సాలార్జంగ్.

హైదరాబాదులో మ్యూజియం చూసి వచ్చినవారు సాలార్జంగ్ అనగానే ఆ వస్తువులు సేకరించిన నవాబును తలచుకుంటారు. ఆయన మూడవ సాలార్జంగ్. ఈయనకు మనుమడు. అయితే ఆ మ్యూజియంలో అందరూ ఆగి చూసే ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మను మాత్రం మొదటి సాలార్జంగే 1876లో రోము నగరంలో కొన్నారు.

ఇరవై నాలుగేండ్లకే దివాన్‌గిరి

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో జన్మించారు. మీర్ ఆలం చెరువు కట్టించిన దివాన్ మీర్ ఆలం ఆయన పూర్వీకుడే. చిన్నతనంలోనే తండ్రి పోగా, తండ్రి సోదరుడు సిరాజుల్‌ముల్క్ సంరక్షణలో పెరిగారు. పార్సీ, అరబ్బీతో పాటు ఇంగ్లీషు నేర్చుకున్నారు. యువకుడుగా ఉన్నప్పుడు కొద్ది నెలలు ఖమ్మం ప్రాంతంలో తాలూక్దారుగా పనిచేసి, రైతు ఇంటి నుంచి సిస్తు ఖజానాకు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో కళ్ళారా చూశారు.

1853 మే నెలలో దివాన్‌గా ఉన్న సిరాజుల్‌ముల్క్ మరణించారు. ఆ నెలాఖరులోనే 24 ఏండ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్‌ను నైజాం దివాన్‌గా నియమించారు. అది పండుగ చేసుకోదగిన పదవి కాదు. ఖజానా ఖాళీ. కంపెనీ సర్కారుకు సైన్యం ఖర్చు కింద పడ్డ బాకీకి బీరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలను ఆ మే నెలలోనే అప్పగించవలసి వచ్చింది. మిగిలిన తాలూకాలలో కూడా చాలావాటి రాబడి అరబ్బు జమేదార్ల, సాహుకార్ల చేతుల్లో తాకట్టు పడి ఉంది.

అప్పటి తాలూక్దారు అంటే నేటి అధికారి వంటివాడు కాదు, గుత్తేదారు. ఇంత సొమ్ము కడతానని తాలూకాను గుత్తకు తీసుకొని, రైతు దగ్గర ఎంత పిండుకుంటే అంత తనదే అన్నట్లు వ్యవహరించేవాడు. పంట పండినా ఎండినా అతనికి పట్టదు. మరుసటి ఏడు అదే తాలూకా ఇంకొకరికి పోవచ్చును గనుక, చెరువు కట్ట తెగినా బాగు చేయించే ఆలోచన ఉండదు. అక్రమం జరిగిందని చెప్పుకుందామంటే వినే దఫ్తరు లేదు.

తాకట్టు విడిపించి జీతగాళ్ళను పెట్టి

సాలార్జంగ్ మొదట చేసిన పని తాకట్టులోని తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించడం. గుత్తేదార్లను తొలగిస్తూ, నెల జీతం మీద పనిచేసే తాలూక్దార్లను నియమించారు. తలా ఒక టంకశాలలో కొట్టిన నాణేలు చెల్లుబాటు అవుతుండగా, వాటి స్థానంలో హాలీ సిక్కా అనే ఒకే నాణాన్ని స్థిరపరిచారు. పంటలో భాగం తీసుకొనే పద్ధతి పోయి సిస్తు నగదుగా చెల్లించే పద్ధతి వచ్చింది.

1865లో జిల్లాబందీ ప్రారంభమైంది. రాజ్యంలో దివానీ భూములన్నిటినీ జిల్లాలుగా, తాలూకాలుగా విభజించారు. 1867 నాటికి 5 సుబాలు, 17 జిల్లాలు ఏర్పడినాయి. నేడు నిజామాబాదు అని పిలిచే ఇందూరు అందులో ఒక జిల్లా. జిల్లాకు అవ్వల్ తాలూక్దారు పెద్ద. నేటి కలెక్టరు కుర్చీ అదే. తాలూకాకు తహసీల్దారు. ఊళ్ళో పటేలు, పట్వారీ.

అంతకంటె ముఖ్యమైనది పనుల విభజన. సిస్తు తహసీలుకు, తగవు అదాలతుకు, దొంగతనం పోలీసు అమీనుకు అని వేరు చేశారు. 1868లో మాలు, అదాలతు, కొత్వాలీ, ఇతర శాఖలను చూడటానికి నలుగురు సదరుల్‌మిహాములను, అంటే శాఖా మంత్రుల వంటివారిని నియమించారు. ఒక దఫ్తరులో న్యాయం జరగకుంటే దాని పై దఫ్తరు ఏదో చెప్పగలిగే స్థితి అప్పుడు వచ్చింది.

పట్నానికి పురపాలన

1869లో హైదరాబాదు నగరానికి మొదటిసారి పురపాలన ఏర్పాటు చేశారు. నగరాన్ని 4 భాగాలుగా, బయటి చాదర్‌ఘాట్ ప్రాంతాన్ని 5 భాగాలుగా విభజించి, వీధుల శుభ్రత, రోడ్ల మరమ్మతు చూడటానికి ఒక శాఖను నెలకొల్పారు. అప్పటి నగర విస్తీర్ణం సుమారు 55 చదరపు కిలోమీటర్లు, జనాభా మూడున్నర లక్షలు. అంతా కొత్వాలు పర్యవేక్షణలో నడిచేది. ప్రజలు ఓటు వేసి సభ్యులను ఎన్నుకొనే అవకాశం రావడానికి 1934 దాకా ఆగవలసి వచ్చింది. నేడు మన జిల్లాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ మునిసిపాలిటీలలో చెత్త బండి రాలేదనో, వీధి దీపం వెలగలేదనో కౌన్సిలరును నిలదీసే హక్కు అలా అంచెలంచెలుగా వచ్చినదే.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. 1875 తర్వాత భూముల సర్వే, బందోబస్తు పనులు మొదలైనాయి. చేనుకు నంబరు, విస్తీర్ణం, శిస్తు ఇంత అని కాగితం మీదకు రావడం అక్కడి నుంచే.

ఇంట్లోనే ఖైదీ వంటి బతుకు

ఇన్ని చేసిన దివాన్‌కు దర్బారులో సుఖం లేదు. గుత్తలు పోయిన వారందరూ శత్రువులైనారు. నైజాముకు ఆయన మీద అనుమానం. అనుమతి లేనిదే దివాన్ తన దేవిడీ దాటి పోరాదు. నగరం బయట తన తోటలో విందు చేసుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవలసిందే. అందరి అర్జీలకు దారి ఏర్పరచిన మనిషి, ఇల్లు కదలడానికి తానే అర్జీ పెట్టుకున్నాడన్నమాట. 1859లో దర్బారు దగ్గరే ఆయన మీద హత్యాయత్నం జరిగింది. 1868లో మరొకసారి. రెండుసార్లూ బయటపడ్డారు.

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్లయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ నైజాం అయినారు. అప్పటి నుంచి అమీరె కబీరుతో కలిసి సాలార్జంగ్ రాజ్యభారం వహించారు. పోయిన బీరారును తిరిగి తేవాలని ఆయన పట్టుదల. 1876లో ఇంగ్లండు వెళ్ళారు. దారిలో పారిస్ నగరంలో మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. అయినా ప్రయాణం మానలేదు. లండన్‌లో గౌరవాలు దక్కినాయి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పట్టం ఇచ్చింది. బీరారు మాత్రం దక్కలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 54 ఏండ్లు.

రెండో పక్క

ఆయన పాలనకు రెండో పక్క కూడా ఉన్నది. 1857 తిరుగుబాటులో ఆయన ఇంగ్లీషువారి పక్షం నిలిచారు. జులై 17న రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌లను నేడు వీరులుగా స్మరిస్తున్నాము. ఆనాడు వారిని అణచివేసిన ప్రభుత్వం సాలార్జంగ్‌ది.

ఆయన సంస్కరణలు దివానీ భూములకే చెల్లినాయి. జాగీర్లు, పాయెగాలు, నైజాం సొంత సర్ఫేఖాసు భూములు వాటికి బయటనే ఉండిపోయినాయి. అక్కడి రైతుకు పాత దొరలే దిక్కు. వసూలు పని పోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలకు రుసుములు కట్టి ఇచ్చారు. సర్వే సమయంలో వారిలో పలువురు విస్తారమైన భూములను తమ పేర రాయించుకున్నారు. తర్వాతి కాలంలో తెలంగాణ పల్లెల్లో వెట్టి, దొరతనం పెరగడానికి ఇది ఒక కారణమైంది. జాగీర్ల రద్దుకు 1949 దాకా, పటేలు, పట్వారీల వంశపారంపర్య పదవుల రద్దుకు 1980ల దాకా జనం ఎదురు చూడవలసి వచ్చింది.

అన్నిటినీ మించిన లోటు భాష. దఫ్తరులు వచ్చినాయి గాని వాటిలో పార్సీ రాత. ఆయన పోయిన తర్వాత 1884 ప్రాంతంలో ఉర్దూ వచ్చింది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే రైతు తన పొలం కాగితంలో ఏమి రాసి ఉందో తెలుసుకోవడానికి మరొకరి కాళ్ళ మీద పడవలసి వచ్చేది. మూడు భాషలు వినిపించే మన సరిహద్దు గ్రామాల్లో ఆ కష్టం ఎంతటిదో ఊహించవచ్చును. ఈ జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు 1956 వరకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండి, ఆ ఏడే నిజామాబాదు జిల్లాలో చేరినాయి. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చినాయి. జిల్లాలు మారినా అర్జీ, దరఖాస్తు, నకలు, రసీదు, పహాణీ, పంచనామా అనే మాటలు మన నోట అలాగే నిలిచినాయి. పార్సీ, ఉర్దూ దఫ్తరులు విడిచిపోయిన గుర్తులవి.

నేటికి పనికి వచ్చే మాట

సాలార్జంగ్ గీసిన గీతల మీదే నేటి ఆఫీసులు చాలావరకు నడుస్తున్నాయి. బిడ్డ పుట్టినా, ఇంట్లో మనిషి పోయినా 21 రోజుల లోపు గ్రామ పంచాయతీలో, పట్నమైతే మునిసిపాలిటీలో నమోదు చేయించుకోవాలి. ఇంటి పన్ను, ఇల్లు కట్టడానికి అనుమతి కూడా అక్కడివే. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుంచి తహసీల్దారు ఆఫీసులో జరుగుతున్నది. కొట్లాట, దొంగతనం పోలీసు స్టేషన్ పని. భూమి హక్కు మీద తగవు ముదిరితే కోర్టు. కింద పని కాకుంటే సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉన్నది. ఎక్కడ అర్జీ ఇచ్చినా రసీదు అడిగి తీసుకోవాలి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద అడిగినదానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఆఫీసులదే.

ఆ దివాన్ కాలంలో దఫ్తరు రైతును పిలిచేది, రైతు దఫ్తరును ప్రశ్నించలేడు. ఎవరి పని ఏదో తేల్చి పెట్టడం వరకు ఆయన చేశారు. ఆ పని ఎందుకు కాలేదని అడిగే హక్కు ఆయన ఇచ్చింది కాదు, జనం పోరాడి తెచ్చుకున్నది. ఏ ఆఫీసుకు పోవాలో తెలియక దళారి చేతిలో డబ్బు పెట్టే రోజులు పోవాలంటే, ఈ రెండూ ప్రతి ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం అవసరం.