లేపాక్షి విరూపణ్ణ

హిందూపురమునకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఊరి వెలుపల బయలునందు, ఒక మహావృషభము మోకాళ్లు ముడిచి పరుండియున్నది. ఏకశిల. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల హారములు. పైన కప్పు లేదు, చుట్టును గోడ లేదు. నందీశ్వరుడే బసవేశ్వరుడై అవతరించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన ఎరిగిన కుటుంబములకు ఈ బసవన్న ఎదుట నిలిచినపుడు కలుగు భావమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ నంది దృష్టి సాగిన దిక్కున, వీరభద్రాలయ ప్రాకారములో, ఏడు పడగల నాగేంద్రుని నీడలో శివలింగమున్నది. ఈ ఆలయమును 16వ శతాబ్దమున నిర్మింపజేసినవాడు విరూపణ్ణ. నంది లక్కిసెట్టి, ముద్దమ్మల కుమారుడు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల (1529-1542) కొలువున పెనుకొండ సీమలో అధికారి. తమ్ముడు వీరణ్ణ ఆయనకు తోడు నిలిచెను. కూర్మశైలమను తాబేటి వీపు వంటి బండపై ఆలయము లేచినది. స్తంభములపై నర్తకులు, వాద్యకారులు వెలసిరి. కప్పులు వర్ణచిత్రములతో నిండినవి. ఆ చిత్రములలోనే పొడవాటి కుళ్లాయిలు ధరించి, పరివారముతో చేతులు జోడించి నిలిచిన అన్నదమ్ములను నేటికిని చూడవచ్చును. ఆ కాలపు అధికారులలో ఎందరి రూపము మనకు దక్కినది?

ఆయన అంత్యమును గూర్చి జనులు చెప్పుకొను కథ మాత్రము మిక్కిలి దారుణము. రాజధనమును అనుమతి లేక గుడికి వ్యయపరచెనని కొండెములు రాయలకు చేరినవట. కన్నులు తీయింపుమని ఆజ్ఞ కాగా, రాజభటులకు ఆ శ్రమ లేకుండ విరూపణ్ణయే స్వహస్తములతో కన్నులు పెరికి గోడకు విసరెనట. అచట ఎర్రని రెండు మచ్చలను ఇప్పటికిని చూపుదురు. లేపాక్షి అను పేరునకు ఈ కథను ముడిపెట్టువారును కలరు. జటాయువు కథతో ముడిపెట్టువారును కలరు.

శాసనములలో ఈ శిక్ష ప్రసక్తి లేదు. పైగా అచ్యుతరాయల కాలమున ఈ దేవునికి గ్రామములు దానమైనట్లు శాసనములున్నవి. దొంగసొమ్ముతో కట్టిన గుడికి ఆ రాజ్యముననే దానములు సాగునా అను సందేహము సహజము. కావున ఆయనపై నేరము మోపుటకు తొందరపడరాదు.

అయినను నిర్మాణము ఏ కారణముననో నిలిచిపోయిన మాట నిజము. కల్యాణమండపమునకు కప్పు పడలేదు. పెండ్లికి వచ్చిన దేవతలును, ఋషులును స్తంభములపై నిలిచియే యున్నారు. వారి శిరస్సులపై ఎండయు, వానయు నేరుగా పడుచున్నవి.