కుగ్లర్ ఆస్పత్రికి ఆ పేరెలా వచ్చింది? టీచర్‌గా పంపితే గుంటూరులో డాక్టరమ్మ అయిన కథ!

గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి అంటే ఆటోవాళ్లకు దారి చెప్పక్కర్లేదు. మరి ఈ కుగ్లర్ ఎవరు? అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో పుట్టిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఆమె గుంటూరులో ఏం చేశారో తెలియాలంటే, ముందు ఆమె చదివిన కాలేజీ సంగతి చూడాలి.

ఫిలడెల్ఫియాలో 1850లో మొదలైన మహిళా వైద్య కళాశాల అది. క్లాసులున్నాయి, లెక్చరర్లున్నారు. చూసి నేర్చుకోవడానికి పేషెంట్లే లేరు! ఊళ్లోని పెద్ద ఆస్పత్రులు అమ్మాయిల్ని వార్డుల్లోకి రానివ్వలేదు. దాంతో 1861లో మహిళలే సొంతంగా ఓ ఆస్పత్రి పెట్టుకున్నారు. 1869లో పెన్సిల్వేనియా హాస్పిటల్‌లో క్లినికల్ పాఠానికి పర్మిషన్ దొరికింది. తీరా వెళ్తే అక్కడి మగ విద్యార్థులు వెక్కిరిస్తూ, కాగితపు ఉండలు విసురుతూ నానా గోల చేశారు. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అప్పుడు ఆడవాళ్లకు వార్డు గడప దాటడమే ఓ యుద్ధం.

ఆ గొడవ జరిగిన పదేళ్లకు, 1879లో, కుగ్లర్ అదే కాలేజీ నుంచి డాక్టర్‌గా బయటికొచ్చారు. మన ఆనందీబాయి జోషి 1886లో పట్టా అందుకున్నదీ అక్కడే. తర్వాత కుగ్లర్ నారిస్‌టౌన్ మానసిక ఆస్పత్రిలో మహిళల విభాగంలో పనిచేశారు.

1883 చివర్లో గుంటూరు చేరారు. అయితే లూథరన్ మిషన్ ఆమెను పంపింది వైద్యానికి కాదు, ఆడవాళ్లకు చదువు చెప్పడానికి. పేరుకు టీచరమ్మ, పెట్టెలో మాత్రం మందులు! ఆ రోజుల్లో మగ డాక్టర్‌కు చెయ్యి కూడా చూపించని ఇళ్లెన్నో. కాన్పు కష్టమైతే మంత్రసానే దిక్కు. తెల్లావిడ ముట్టుకున్న మందు తాగితే మైలనే భయం ఇంకోపక్క. అయినా కుగ్లర్ ఇల్లిల్లూ తిరిగారు. చివరికి 1885లో మిషనే దిగొచ్చి ఆమెను డాక్టర్‌గా నియమించింది.

1893లో డిస్పెన్సరీ, 1898లో ఆస్పత్రి వచ్చాయి. ఫిలడెల్ఫియాలో ఆమె ముందుతరం మహిళలు చేసిన పనే ఇక్కడా జరిగింది. పనికి చోటు ఏర్పడగానే నేర్పడం మొదలైంది. స్థానిక అమ్మాయిలకు నర్సు శిక్షణ ఇచ్చారు. నర్సు ఉద్యోగమంటే చిన్నచూపున్న రోజులవి. అలాంటప్పుడు మన అమ్మాయిలు పేషెంట్ మంచం పక్కనే నిలబడి పని నేర్చుకోవడం మామూలు విషయమేం కాదు.

ఏలూరు రాజా భుజంగరావు తన భార్యకు అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. మిషన్ వైద్యం చీరాల, రెంటచింతల దాకా వెళ్లింది.

1928లో కుగ్లర్ ఈ ఆస్పత్రి కథను పుస్తకంగా రాశారు. 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆ తర్వాతే ఆస్పత్రికి ఆమె పేరు పెట్టారు. గుంటూరుకు మెడికల్ కాలేజీ వచ్చింది ఇంకో 16 ఏళ్లకు, 1946లో.