గాలిలో మాటకు తాళం: మార్కోనీ జీవితం

హోసూరు, బాగలూరు, బేరికె ప్రాంతాల తెలుగు ఇళ్లలో బెంగళూరు ఆకాశవాణి కన్నడ కార్యక్రమాలు తరతరాలుగా వినిపిస్తున్నాయి. అత్తిబెలె దగ్గర రాష్ట్రపు హద్దు వచ్చినంత మాత్రాన రేడియో తరంగం ఆగిపోదు. ఆ తరంగం చేత మనుషుల వార్తలను మోయించినవారిలో అగ్రగణ్యుడు గుగ్లిఎల్మో మార్కోనీ. తరంగానికి హద్దు లేకపోవడమే ఆయనకు కీర్తిని తెచ్చింది. ఒకనాడు నిండు సభలో ఆయన పరువును తీసినదీ అదే.

మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి భూస్వామి, తల్లి ఐర్లండు దేశస్థురాలు. విశ్వవిద్యాలయపు పట్టా ఏదీ ఆయనకు లేదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ 1894లో మరణించాక ఆయన ప్రయోగాల గురించి చదివి, ఈ ఇరవై ఏళ్ల యువకుడు ఇంటి పైఅంతస్తులో పరికరాలు అమర్చుకున్నాడు. మరుసటి ఏడు కొండ అవతలికి సంకేతం పంపగా, అది అందిందని తెలియజేస్తూ అన్న అల్ఫోన్సో అటునుంచి తుపాకీ పేల్చాడట. ఆ కాలంలోనే మన జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో తీగ లేకుండా దూరాన గంట మోగించి చూపాడు. బోస్ చూపు శాస్త్రం మీద, మార్కోనీ చూపు వ్యాపారం మీద నిలిచింది.

1896లో ఆయన ఇంగ్లండు చేరి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1897లో కంపెనీ, 1899లో ఇంగ్లీషు ఛానల్ మీదుగా వార్తలు, 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రం దాటిన సంకేతం: విజయాలు వరుసగా వచ్చాయి. వీటి నడుమ 1900లో పొందిన 7777వ నంబరు పేటెంటు ముఖ్యమైనది. తంబూరాకు శ్రుతి కలిపినట్లు, పంపే యంత్రాన్నీ అందుకునే యంత్రాన్నీ ఒకే తరంగానికి కలిపే పద్ధతి అది. శ్రుతి కలిసిన యంత్రానికి తప్ప వేరొకరికి వార్త చిక్కదని మార్కోనీ పక్షం ప్రచారం చేసింది.

ఆ మాటను నెవిల్ మాస్కెలిన్ నమ్మలేదు. ఆయన లండనులో పేరుమోసిన ఇంద్రజాలికుడు, వైర్‌లెస్ విద్య కూడా తెలిసినవాడు. సముద్రగర్భ తంతి తీగల మీద కోట్లు పెట్టిన ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీకి మార్కోనీ ఎదుగుదల ప్రమాదం. అది మాస్కెలిన్‌ను పనికి పెట్టుకుంది. కార్న్‌వాల్ తీరాన స్తంభం నిలిపి ఆయన మార్కోనీ వార్తలను సునాయాసంగా అందుకున్నాడు. 1903 జూన్ 4న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ అనే ఆచార్యుడు సభ ఏర్పాటు చేశాడు. మార్కోనీ దూరాన పోల్దూ కేంద్రం నుంచి వార్త పంపాలి. అది రాకముందే యంత్రం ఒక ఎగతాళి పదాన్ని పదేపదే కొట్టి, ఆపై మార్కోనీని వెక్కిరించే పద్యం వినిపించింది. మాస్కెలిన్ దగ్గరలోని తన తండ్రి నాటకశాల నుంచి పంపిన సంకేతాలవి. ఫ్లెమింగ్ కోపంతో పత్రికకు లేఖ రాస్తే, లోపాన్ని లోకానికి చూపడానికే అలా చేశానని మాస్కెలిన్ బహిరంగంగా ఒప్పుకున్నాడు. మర్యాద సంగతి ఎలా ఉన్నా, వాదంలో గెలిచినవాడు ఇంద్రజాలికుడే. శ్రుతి వేరు, తాళం వేరు.

నేడు హోసూరు, కృష్ణగిరి ఇళ్లలో గోడ మీద మినుకుమనే వైఫై రూటర్ మార్కోనీ యంత్రపు సంతతే. దాని తరంగమూ గోడ దాటి పక్కింటికీ వీధికీ పోతుంది. నెట్‌వర్కు పేరు దాచితే చాలుననుకోవడం 1903 నాటి భ్రమే. పేరు దాగుతుంది గాని తరంగం దాగదు. వార్తను కాపాడేది గుప్తలిపి. 1997లో వచ్చిన తొలి వైఫై గుప్తలిపి డబ్ల్యుఇపి 2001 నాటికే ఛేదింపబడింది. కనుక రూటర్ అమరికలలో డబ్ల్యుపిఎ2 గాని, 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ3 గాని ఉండాలి. కనెక్షన్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డును తీసివేసి పొడవైన కొత్తదాన్ని పెట్టుకోవాలి. అమరికలను తెరిచే పాస్‌వర్డు వేరుగా ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు, దానినీ మార్చాలి. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్దిసేపటి ముందు వెళ్లిన ఈమెయిలు నవీ ముంబైలో తాళం లేని ఒక ఇంటి వైఫై ద్వారా పంపబడింది. పోలీసులు ముందుగా తట్టింది ఆ ఇంటి తలుపునే.

మార్కోనీకి 1909లో బ్రౌన్‌తో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1912లో టైటానిక్ ఓడ మునుగుతున్నప్పుడు ఆయన కంపెనీ ఉద్యోగులు పంపిన ఆపద సంకేతాన్ని ఇతర ఓడలు అందుకున్నందువల్లనే సుమారు 700 మంది బతికారు. ఎవరైనా వినగలగడమే అక్కడ ప్రాణాలు నిలిపింది. 1923లో ఆయన ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరడం మాత్రం ఆ జీవితానికి చెరగని మచ్చ.

1937 జూలై 20న మార్కోనీ రోము నగరంలో కన్నుమూశాడు. వైర్‌లెస్ కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి. ఆరేళ్ల తర్వాత, 1943లో, అమెరికా సుప్రీంకోర్టు శ్రుతి కలిపే పద్ధతిపై ఆయనకు అక్కడ ఉన్న పేటెంటులోని ముఖ్యాంశాలను కొట్టివేసింది. లాడ్జ్, టెస్లా, స్టోన్ అనేవారు ఆ పనిని అంతకుముందే చేశారని తేల్చింది.